యాప్‌లో 11 నిమిషాల పాస్, చెవికి రెండు నిమిషాలే: ఎంవీపీ కాలనీ నుంచి ఐఎస్ఎస్ వినడం ఎలా?

డాబా_యాగీ · శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది విశాఖ. హామ్ రేడియో (సరదా కోసం నడిపే రేడియో) లైసెన్స్ ఈ మధ్యే చేతికొచ్చింది. ఉన్నది ఐదు వాట్ల హ్యాండ్‌సెట్, నేనే చేసుకున్న చిన్న యాగీ యాంటెన్నా. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఐఎస్ఎస్ లో ఉన్న రిపీటర్ (మన మాటని అందుకుని తిరిగి ప్రసారం చేసే రేడియో) మీద ఒక్కసారైనా మాట్లాడాలని రెండు వారాలుగా రోజూ డాబా ఎక్కుతున్నాను.

ఇవాళ రాత్రి 8:12కి పాస్, అంటే అది మన ఆకాశం మీదుగా వెళ్ళే వేళ. 11 నిమిషాలు ఉంటుందని, గరిష్ఠంగా 58 డిగ్రీల ఎత్తుకి వస్తుందని యాప్ చెప్పింది. 437.800 మెగాహెర్ట్జ్ మీద పెట్టుకుని మొదటి నిమిషం నుంచి నిలబడ్డాను. ఐదో నిమిషం దాకా ఒట్టి హోరే. తర్వాత ఉన్నట్టుండి థాయ్‌లాండ్ కాల్‌సైన్ (రేడియోవాళ్ళ గుర్తింపు పేరు) ఒకటి, చెన్నై ఆయనెవరో బదులివ్వడం స్పష్టంగా వినిపించాయి. రెండు నిమిషాలు తిరక్కుండానే మళ్ళీ హోరు. ఇంతకుముందు విన్న పాస్‌లన్నీ ఇదే తీరు. యాప్ లెక్క తప్పా, నా రేడియోలో లోపమా, లేక మా ఈశాన్యాన ఉన్న కైలాసగిరి అడ్డమా? ఆ రెండు నిమిషాల్లో నోరు తెరిచేలోపే అయిపోతోంది.

రుషికొండ_తీరం · శుక్రవారం, రాత్రి 10:02

ముందు రెండు విషయాలు చూసుకోండి. యాప్‌లో మీ ఊరు ఏమని ఉంది? విశాఖ అంటే 17.7 ఉత్తరం, 83.3 తూర్పు. గ్రిడ్ (రేడియోవాళ్ళు చోటు చెప్పుకునే చిన్న కోడ్) అడిగితే ఎన్‌కే17. కొన్ని యాప్‌లు మొదటిసారి తెరిచినప్పుడు వేరే ఊరు పెట్టుకుని ఉంటాయి. రెండోది గడియారం. యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) చూపిస్తోందా, మన టైమా? ఐదున్నర గంటల తేడాతో డాబా మీద ఖాళీ ఆకాశం వైపు యాంటెన్నా పట్టుకున్నవాళ్ళని చాలామందిని చూశాను.

డాబా_యాగీ · శుక్రవారం, రాత్రి 10:10

రెండూ సరిగ్గానే ఉన్నాయండి. టీఎల్ఈ (కక్ష్య వివరాలు చెప్పే రెండు వరుసల అంకెలు) కూడా ఇవాళ పొద్దున్నే అప్‌డేట్ చేశాను.

మోర్స్_మనిషి · శుక్రవారం, రాత్రి 11:15

తమ్ముడూ, నువ్వు డయల్ కదపకుండా 437.800 మీదే కూర్చున్నావు. అక్కడే పోయింది.

స్టేషన్ సెకనుకి ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగంతో నీ వైపు వస్తోంది. రైలు కూత స్టేషన్‌కి వస్తున్నప్పుడు ఒకలా, దాటిపోయాక ఒకలా వినిపిస్తుంది కదా, ఇదీ అంతే. 437 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ తేడా అటూ ఇటూ పది కిలోహెర్ట్జ్ దాకా వస్తుంది. ఎఫ్ఎంలో అంత తేడా ఉంటే మాట ముక్కలై హోరులో కలిసిపోతుంది. నీకు వినిపించిన రెండు నిమిషాలు అది నీ పక్కనుంచి దాటుతున్న సమయం. అప్పుడు మాత్రమే ఫ్రీక్వెన్సీ నీ డయల్ మీదకి వచ్చింది.

ఐదు మెమరీలు పెట్టుకో: 437.810, .805, .800, .795, .790. మొదట .810తో మొదలుపెట్టు. మొదటి మూడు నాలుగు నిమిషాలు అక్కడే ఉంటుంది. దగ్గరకొచ్చే కొద్దీ గబగబా దిగుతుంది, నడిమి రెండు నిమిషాల్లో మూడు మెమరీలు మార్చాలి. తర్వాత .790 మీద స్థిరంగా ఉంటుంది. నువ్వు పంపే వైపు 145.990 కదా, అక్కడ తేడా మూడున్నర కిలోహెర్ట్జ్ లోపే, కదపనక్కర్లేదు. 67 హెర్ట్జ్ టోన్ మాత్రం పెట్టడం మర్చిపోకు. అది లేకపోతే రిపీటర్ తలుపు తియ్యదు.

ఇంకో మాట. ఆ రిపీటర్ ఎప్పుడూ ఆన్‌లో ఉండదు. వ్యోమనౌక వచ్చి అంటుకునేటప్పుడు, వ్యోమగాములు బయటికి వచ్చి పనిచేసేటప్పుడు రేడియో ఆపేస్తారు. డాబా ఎక్కేముందు ఆమ్‌శాట్ (హామ్ ఉపగ్రహాల సంస్థ) వాళ్ళ స్టేటస్ పేజీ చూడు. ఎవరు ఎప్పుడు విన్నారో అక్కడ గంటల వారీగా రాస్తుంటారు.

డాబా_యాగీ · శనివారం, రాత్రి 7:58

మోర్స్ అన్నయ్యా, మీకు చేతులెత్తి నమస్కారం. ఇవాళ 7:24కి వచ్చింది, గరిష్ఠంగా 60 డిగ్రీలు, ఈసారి తూర్పు పక్క నుంచి. మీరు చెప్పినట్టు మెమరీలు మార్చుకుంటూ పోతే చివరిదాకా వినిపించింది. ఈశాన్యాన దాదాపు కైలాసగిరి మీదకి దిగేదాకా వదల్లేదు. మా అమ్మాయి టార్చ్ పట్టుకుని టైము చదివింది, నేను కాగితం మీద రాసుకున్నాను.

కానీ ఒకటి తేలలేదు. 7:24 నుంచి 7:27 దాకా, .810 మీద ఉన్నా సరే, ఏమీ లేదు. మూడు నిమిషాలు పూర్తిగా శూన్యం. తర్వాత ఎవరో స్విచ్ వేసినట్టు ఒక్కసారిగా వచ్చింది. కైలాసగిరి అనుకుంటే, చివర్లో అటువైపే బాగా వినిపించిందే!

సీతమ్మధార_సిగ్నల్ · శనివారం, రాత్రి 8:20

అంకుల్, నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, ఇంకా లైసెన్స్ పరీక్ష రాయలేదు, వినడమే. మీరు రాసింది చదవగానే ఒకటి తట్టింది. ఐఎస్ఎస్ ఎప్పుడూ పడమర నుంచి తూర్పుకే వెళ్తుంది. నైరుతి నుంచి ఈశాన్యానికైనా, వాయవ్యం నుంచి ఆగ్నేయానికైనా. అంటే పడమర దిక్కున మీకేదైనా అడ్డం ఉంటే అది ప్రతి పాస్‌లోనూ మొదలునే తినేస్తుంది. మీ ఇంటికి పడమర ఏముంది?

డాబా_యాగీ · శనివారం, రాత్రి 8:26

పడమరా... రెండు అపార్ట్‌మెంట్లు అమ్మా. ఇరవై మీటర్ల దూరంలో, ఒకదాన్ని ఆనుకుని ఒకటి. రోజూ చూస్తున్నవే, ఒక్కసారి కూడా వాటి మీదకి ఆలోచన పోలేదు.

లెక్కల_మాస్టారు · శనివారం, రాత్రి 9:05

గాజువాక నుంచి నమస్కారం. మంచి ప్రశ్న వేశావమ్మా.

ఒక పని చెయ్యండి. రేపు వెలుతురు ఉండగా యాంటెన్నా పట్టుకునే చోటే నిలబడి చుట్టూ కొలవండి. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే, కంటికి ఆ పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. చిటికెన వేలు ఒక డిగ్రీ. పిట్టగోడ ఎత్తు చూడకండి, కంటి మట్టం నుంచి మొదలుపెట్టి పిడికిలి మీద పిడికిలి పేర్చుకుంటూ అడ్డం పైఅంచు దాకా వెళ్ళండి. దిక్కులకి ఫోన్ దిక్సూచి చాలు. మన ఊళ్ళో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా చాలా తక్కువ, పట్టించుకోనక్కర్లేదు. ఫోన్‌ని మాత్రం నీళ్ళ ట్యాంక్ ఇనుప నిచ్చెనకి దూరంగా పట్టుకోండి. కొలిచింది ఇక్కడ రాయండి, మిగతాది నేను చూస్తాను.

డాబా_యాగీ · ఆదివారం, ఉదయం 7:15

మాస్టారూ, కొలిచాను. ఉత్తరం నుంచి ఈశాన్యం మీదుగా కైలాసగిరి కొండ మూడు డిగ్రీలు, ఎక్కడా నాలుగు దాటలేదు. చూడ్డానికి పెద్దగా కనిపించే కొండ మూడు వేళ్ళ కింద దాక్కుంది! తూర్పు, ఆగ్నేయం ఇళ్ళ కప్పుల మీదుగా సముద్రం వైపు, రెండు డిగ్రీలు. దక్షిణాన దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ, మూడు. ఇక దిక్సూచిలో 200 డిగ్రీల నుంచి 320 దాకా అపార్ట్‌మెంట్లే. నడుమ, అంటే 260 దగ్గర, రెండున్నర పిడికిళ్ళు, 25 డిగ్రీలు. రెండు చివర్లలో 18.

లెక్కల_మాస్టారు · ఆదివారం, ఉదయం 9:30

బ్రహ్మాండంగా కొలిచారు. ఇప్పుడు కాగితం కలం తీసుకుని నాతో రండి. యాప్ అంకె ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే మీ అంకె మీరే తీసుకోగలరు.

టీఎల్ఈ రెండో వరుస చివర్లో 15.5 అని మొదలయ్యే అంకె ఉంటుంది. రోజుకి ఎన్ని చుట్లు అని దాని అర్థం. 1440 నిమిషాలని 15.5తో భాగిస్తే చుట్టుకి దాదాపు 93 నిమిషాలు. ఇప్పుడు త్రిభుజం. భూమి వ్యాసార్ధం 6371 కిలోమీటర్లు. స్టేషన్ ఎత్తు 415 అనుకుందాం, కేంద్రం నుంచి దాని దూరం 6786. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.939, దాని కాస్ విలోమం 20 డిగ్రీలు. అంటే స్టేషన్ సరిగ్గా కింద ఉన్న చోటు మనకి 20 డిగ్రీల దూరంలోకి, కిలోమీటర్లలో 2,240 దగ్గరికి, వచ్చినప్పుడు అది మన నేల గీత (నేల, ఆకాశం కలిసినట్టు కనిపించే చోటు) మీద పొడుస్తుంది. అటు 20, ఇటు 20, మొత్తం 40 డిగ్రీలు నడవాలి. 360కి 93 నిమిషాలైతే 40కి పది నిమిషాల పైచిలుకు. భూమి కూడా అదే వైపు తిరుగుతోంది కాబట్టి ఇంకొంచెం కలిసి 11కి దగ్గరవుతుంది. యాప్ చెప్పింది సరిగ్గా ఇదే. చుట్టూ ఒక్క చెట్టు లేని చోట నిలబడ్డవాడి లెక్క అది.

అదే 10 డిగ్రీల పైన మాత్రమే కనిపించే చోటైతే? నడినెత్తిన వెళ్ళే పాస్ కూడా ఆరున్నర నిమిషాలకి పడిపోతుంది. 20 డిగ్రీల పైనైతే నాలుగు నిమిషాలు చిల్లర. నేల గీత దగ్గర స్టేషన్ నెమ్మదిగా కదులుతున్నట్టు ఉంటుంది, పైకొచ్చే కొద్దీ పరుగెడుతుంది. అందుకని కింది డిగ్రీలు పోతే నిమిషాలకి నిమిషాలు పోతాయి.

మీ నిన్నటి పాస్ నైరుతిలో పొడిచింది. అక్కడ మీ గోడ 18. దాన్ని దాటడానికి మూడు నిమిషాలు పైన పడుతుంది. ఈశాన్యంలో కొండ మూడే కాబట్టి అక్కడ పోయింది నిమిషం లోపు. మిగిలింది ఏడు. మీ కాగితం మీద కూడా అంతే ఉండాలి.

డాబా_యాగీ · ఆదివారం, ఉదయం 9:52

7:27 నుంచి 7:34. ఏడే మాస్టారూ! కాగితం పక్కన పెట్టుకుని చదువుతుంటే ఒళ్ళు పులకరించింది.

భీమిలి_గాలి · ఆదివారం, ఉదయం 10:40

అందరూ గరిష్ఠ ఎత్తు వెనకాల పడతారు, 80 డిగ్రీల పాస్ అంటే ఎగిరి గంతేస్తారు. మీలాంటి డాబాకి అది సరైన కొలత కాదు. ఎంత ఎత్తు అన్నదానికంటే ఏ పక్క నుంచి అన్నది ముందు చూడండి.

మీకు 45 డిగ్రీల పాస్ పడమటి పక్క నుంచి వచ్చిందనుకోండి. అపార్ట్‌మెంట్ల వెనక పుట్టి, అక్కడే పెరిగి, బయటపడేసరికి సగం అయిపోతుంది. ఆరు నిమిషాలు దక్కితే గొప్ప. అదే తూర్పు పక్క నుంచి 27 డిగ్రీల పాస్ వస్తే? దక్షిణాన పుట్టి, సముద్రం మీదుగా ఆగ్నేయం, తూర్పు తిరిగి ఈశాన్యంలో దిగుతుంది. దారంతా మీకు తెరిచే ఉంది. ఎనిమిదిన్నర నిమిషాలు. దూరం 570 బదులు 800 కిలోమీటర్లు అవుతుంది, సిగ్నల్ సగానికి తగ్గుతుంది. కానీ సగం సిగ్నల్ యాగీకి లెక్కే కాదు. నేల గీత మీద ఉన్నప్పటికీ నడినెత్తిన ఉన్నప్పటికీ ముప్పై రెట్ల తేడా ఉంటుంది, దానితో పోలిస్తే ఇదెంత!

మన విశాఖ వాళ్ళకి దేవుడిచ్చిన వరం తూర్పు సముద్రం. వాడుకోండి. ఇవాళ సాయంత్రం 6:36కి ఒకటి ఉంది చూడండి. నా లెక్కలో సరిగ్గా మీ కోసమే వస్తోంది.

రుషికొండ_తీరం · ఆదివారం, ఉదయం 11:20

భీమిలి గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇంకో రెండు సంగతులు కలుపుతాను.

మన అక్షాంశంలో ఐఎస్ఎస్ రోజుకి నాలుగైదు సార్లు నేల గీత పైకి వస్తుంది. 30 డిగ్రీలు దాటేవి సగటున రోజుకి ఒకటి, కొన్ని రోజులు రెండు. ఇవి రెండు గుంపులుగా వస్తాయి. నైరుతి నుంచి ఎక్కేది ఒకటి, పది గంటల తర్వాత వాయవ్యం నుంచి దిగేది ఇంకొకటి. ఈ గుంపులు సగటున రోజుకి 24 నిమిషాలు ముందు వేళకి జరుగుతుంటాయి. అరవై రోజుల్లో గడియారం మొత్తం తిరిగి వస్తాయి. ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకి కొన్ని వారాలు సాయంత్రం పాస్‌లే ఉండవు, అన్నీ తెల్లవారుజామున, మిట్టమధ్యాహ్నం పడతాయి. అప్పుడు రేడియో పాడైందని టెన్షన్ పడకండి, రెండు మూడు వారాలు ఆగితే అవే వస్తాయి.

ఇక కనెక్టర్లు. సముద్రానికి ఇంత దగ్గర్లో ఉప్పుగాలి ఇత్తడిని కూడా వదలదు. వాడనప్పుడు యాంటెన్నాని డాబా మీద వదిలెయ్యకండి. నా కేబుల్ చివర ఒక్క వానాకాలానికే లోపల పచ్చగా చిలుము పట్టింది. పైకి ఏమీ తెలియలేదు, సిగ్నల్ మాత్రం పోయింది.

సీతమ్మధార_సిగ్నల్ · ఆదివారం, మధ్యాహ్నం 1:30

మాస్టారూ, ఇదే లెక్క ఏఓ-7 అనే పాత హామ్ ఉపగ్రహానికి కూడా పనిచేస్తుందా? నా దగ్గర చిన్న ఎస్‌డీఆర్ డాంగిల్ (కంప్యూటర్‌కి తగిలించే రేడియో రిసీవర్) ఉంది. మూడు రోజులుగా తెల్లవారుజామున లేచి ప్రయత్నిస్తున్నాను. యాప్ ప్రకారం బాగా పైనే ఉంటోంది, ఏమీ వినపడదు. మా డాబాకి ఉత్తరాన సింహాచలం కొండలు ఉన్నా మిగతా వైపులు ఖాళీయే.

మోర్స్_మనిషి · ఆదివారం, మధ్యాహ్నం 2:10

దీనికి నేను చెప్తానమ్మా, ఏఓ-7 అంటే నాకు ప్రాణం.

1974 నవంబరు 15న ఎగిరింది అది. 1981లో బ్యాటరీ షార్ట్ అయి మూగబోయింది. అందరూ దాన్ని మర్చిపోయారు. 2002 జూన్‌లో ఉన్నట్టుండి మళ్ళీ మోర్స్ కొట్టడం మొదలుపెట్టింది. షార్ట్ అయిన బ్యాటరీ తెగిపోయి ఓపెన్ అయింది, దాంతో సౌర ఫలకాల కరెంటు నేరుగా రేడియోకి అందింది. ఇరవై ఒక్క ఏళ్ళు చచ్చిపడి ఉన్నది లేచి కూర్చుంది.

బ్యాటరీ లేదు కాబట్టి దాని మీద ఎండ పడితేనే ప్రాణం. భూమి నీడలోకి వెళ్తే ఆ క్షణమే ఆగిపోతుంది. నువ్వు చూడాల్సింది రెండు: నీ నేల గీత పైన ఉందా, ఎండలో ఉందా. మంచి యాప్‌లన్నీ నీడలో ఉన్నప్పుడు వేరే రంగులో చూపిస్తాయి. ఇక్కడ మనకి చీకటైనంత మాత్రాన అక్కడ చీకటి కాదు. అది 1,450 కిలోమీటర్ల ఎత్తున ఉంది. మనకి ఎనిమిదైనా దానికి ఎండ తగులుతూ ఉండొచ్చు. అలాగే నీడలోంచి బయటికొచ్చాక అది ఏ మోడ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీల జతలో) లేస్తుందో ముందుగా చెప్పలేం. బీ మోడ్‌లో ఉంటే 145.925 నుంచి 145.975 మధ్య విను. రిసీవర్‌ని ఎస్ఎస్‌బీ అనే పద్ధతిలో పెట్టు, ఎఫ్ఎంలో వినపడదు. పైఅంచు దగ్గర బీకన్ (ఉపగ్రహం తనంతట తాను పంపే గుర్తు సిగ్నల్) ఉంటుంది, మోర్స్‌లో హెచ్ఐ హెచ్ఐ అని, వెనకే అంకెలు. అంత ఎత్తు కాబట్టి పాస్ ఇరవై నిమిషాలు దాటుతుంది, కంగారు పడక్కర్లేదు.

మనకీ ఒకటి ఉండేది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 మీద కార్టోశాట్-1తో పాటు వెళ్ళిన హామ్‌శాట్. 42.5 కిలోలు. ప్రపంచమంతా దాన్ని వీఓ-52 అని పిలిచేది. దాని మీద నా గొంతు నాకే తిరిగి వినిపించిన మొదటి రోజు ఇంట్లో అందర్నీ పిలిచి వినిపించాను. 2014 జులైలో బ్యాటరీ పోయింది. ఏఓ-7 లాగా ఏదో ఒక రోజు లేస్తుందేమోనని ఇప్పటికీ అప్పుడప్పుడు 145.9 చుట్టూ డయల్ తిప్పి చూస్తుంటాను.

అరకు_దారి · ఆదివారం, మధ్యాహ్నం 3:05

టీఎల్ఈ గురించి ఒక ముక్క. లోయలో డేటా రాక నెలన్నర పాతదానితో ప్రయత్నించాను. స్టేషన్ అనుకున్నదానికంటే నిమిషాలు ముందే వచ్చి వెళ్ళిపోయింది. అంత కింద పల్చటి గాలి రాపిడి ఉంటుంది, మధ్యలో ఇంజన్లు వెలిగించి పైకి నెడతారు, పాత లెక్క నిలవదు. బయల్దేరే ముందే దింపుకోండి. ఏఓ-7కి ఈ బాధ లేదు, అంత ఎత్తున గాలి లేదు కాబట్టి పాతదైనా చాలావరకు సరిపోతుంది.

అన్నట్టు, క్యూఓ-100 అనే ఉపగ్రహాన్ని ఎవరైనా ప్రయత్నించారా? అదైతే ఈ పాస్‌ల గొడవే ఉండదు కదా.

లెక్కల_మాస్టారు · ఆదివారం, మధ్యాహ్నం 3:40

అది భూస్థిర కక్ష్యలో 25.9 తూర్పు రేఖాంశం మీద ఉంది. పొడవదు, కుంగదు. విశాఖ నుంచి 259 డిగ్రీల దిక్కున, అంటే పడమరకి కొంచెం దక్షిణంగా, 23 డిగ్రీల ఎత్తున ఎప్పుడూ అక్కడే ఉంటుంది. డిష్ కావాలి, వినేది 10 గిగాహెర్ట్జ్ పైన. ఎంవీపీ తమ్ముడికి మాత్రం అది సరిగ్గా అపార్ట్‌మెంట్ పైఅంతస్తు వెనక పడింది. మీ మెట్ల గది కప్పు మీదకి ఎక్కగలిగితే మూడు మీటర్లు పెరిగి ఆ 25 కాస్తా 20 లోపుకి దిగుతుంది. అక్కడ పిట్టగోడ ఉందో లేదో చూసుకుని, పగటిపూట, ఇంకొకరు తోడు ఉండగానే ఎక్కండి. మబ్బు పట్టినప్పుడు వద్దు.

డాబా_యాగీ · ఆదివారం, రాత్రి 7:20

మాట్లాడాను.

6:36కి పొడవడం, 6:37కల్లా .810 మీద గుసగుసగా మొదలవడం. యాంటెన్నాని డాల్ఫిన్స్ నోస్ వైపు నుంచి సముద్రం మీదకి మెల్లగా తిప్పుకుంటూ వచ్చాను. రెండు నిమిషాలు ఊరికే విన్నాను, ఎవరి మాటకీ అడ్డం రాకూడదని. ఖాళీ దొరకగానే కాల్‌సైన్ ఒక్కసారి, ఎన్‌కే17 ఒక్కసారి చెప్పి వదిలాను. శ్రీలంక నుంచి ఒకాయన నా కాల్‌సైన్ తిరిగి చదివారు. మా అమ్మాయి కాగితం మీద 6:40 అని రాసి కింద గీత గీసింది. 6:45 దాటేదాకా వినిపిస్తూనే ఉంది. 27 డిగ్రీల పాస్! మొన్నటిదాకా అయితే ఇలాంటిది చూడకుండానే వదిలేసేవాణ్ణి.

భీమిలి గారూ, మాస్టారూ, మోర్స్ అన్నయ్యా, సీతమ్మధార అమ్మాయీ, మీ అందరికీ పేరుపేరునా థాంక్స్. నా డాబా చుట్టూ కొలిచిన అడ్డాల పటం గీసి మెట్ల గది తలుపు లోపలివైపు అంటించాను.

సీతమ్మధార_సిగ్నల్ · సోమవారం, రాత్రి 8:35

అంకుల్, కంగ్రాట్స్! నాకూ ఒకటి దొరికింది. మోర్స్ మాస్టారు చెప్పినట్టు ఈసారి రంగు చూసి, ఎండలో ఉన్న పాస్ ఎంచుకున్నాను. సన్నగా, ఊగుతూ, నాలుగు చుక్కలు రెండు చుక్కలు, అదే హెచ్ఐ. మళ్ళీ నాలుగు, రెండు. తర్వాత అంకెలు. రికార్డు చేశాను, అంకెలు మాత్రం విడదీయలేకపోయాను. మాస్టారూ, ఫైల్ పెడితే చదివి చెప్తారా?

మోర్స్_మనిషి · సోమవారం, రాత్రి 8:41

పెట్టమ్మా, వెంటనే పెట్టు. హెడ్‌ఫోన్స్ తెచ్చుకుంటున్నాను.